ముందు కమానుకు ఇంకొక పట్టీ ఎందుకు వద్దంటున్నానంటే

ఉద్దానం తోటల నుంచి కొబ్బరి మోసే పికప్పు బండ్లను నిలబెట్టి ముందు చక్రాల వెనుకకు తొంగి చూస్తే, కంపెనీ బిగించిన కమాను కట్టలో, అంటే ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగులో, ఇమడని పట్టీ ఒకటి, మందం వేరుగా, అంచు వేరుగా, చాలా బండ్లకు కనిపిస్తుంది. బండి ముక్కు దిగిపోయినా, గోతిలో పడినప్పుడల్లా ఇరుసు వెళ్లి రబ్బరు స్టాపరును గుద్దుతున్నా, మా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో మొదట చెప్పే వైద్యం ఇదే. నేనూ ఆ వైద్యం చేయించాను. పద్నాలుగు నెలలు ఆ అదనపు పట్టీతోనే బండి నడిపించి, ఆ తరువాత తీయించి, కమాన్లు మొత్తంగా మార్పించాను. ఆ అనుభవంతో, వేబ్రిడ్జి చీటీ మీది అంకెలతో చెబుతున్నాను: ముందు కమానుకు పట్టీ ఎక్కించడం బండిని బలపరచడం కాదు, స్టీరింగును చెడగొట్టడం. వెనుక కమాన్లది వేరే కథ. ఎందుకు వేరో కూడా చెబుతాను.

మాది ముందు, వెనుక రెండు వైపులా కమాను కట్టలే ఉన్న పాత తరహా పికప్పు. ముందు ఇరుసు ఒకే దూలంగా ఉంటుంది, కాయిల్ స్ప్రింగులు లేవు. మామూలుగా సోంపేట, కవిటి వైపు తోటల నుంచి కాయ మోస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసినప్పుడు మాత్రం, కొన్ని నెలలపాటు కాయకు బదులు పడిపోయిన చెట్ల మొద్దులను మోసింది. తొట్టి కన్నా పొడవైన మొద్దులను క్యాబిన్ పైనున్న కమ్మీ మీదికి వాల్చి కట్టేవాళ్లం. ఆ బరువులో మంచి వాటా ముందు ఇరుసు మీదికి వెళుతోందని అప్పట్లో మాకెవరికీ తట్టలేదు. దానికి తోడు సముద్రపు గాలి. ఉప్పు గాలికి పట్టీల మధ్య చేరిన తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, పట్టీ మీద పట్టీ జారవలసిన చోట రెండూ పట్టేసుకుంటాయి. అలా పట్టేసిన కట్ట చిన్న గతుకులకు కదలదు, పెద్ద గోతికి ఒక్కసారిగా కుంగుతుంది. మరుసటి ఏడాదికి బండి ముక్కు కంటికి తెలిసేటంతగా దిగింది.

జిల్లా కేంద్రం శివారులో ఒక కమాను షాపుకు తీసుకువెళ్లాను. షాపతను కింద కూర్చుని చూసి, "ఒక్క పట్టీ ఎక్కించీసేమంటే ఏనుగెక్కినా దిగదు బాబూ" అన్నాడు. వేరే బండి నుంచి తీసిన 8 మిల్లీమీటర్ల మందం పట్టీని కోసి, రంధ్రం చేసి, ప్రతి వైపు కట్టలో అడుగుకు చేర్చాడు. పొద్దున వెళితే మధ్యాహ్నానికి పని అయిపోయింది, అయిన ఖర్చు 2,600 రూపాయలు. ముక్కు లేచింది. ఇరుసు స్టాపరును గుద్దడం ఆగింది. నాలుగైదు రోజులు నాకు చాలా సంతోషంగా ఉంది, ఆ మాట దాచుకోను.

తేడాను మొదట పట్టుకున్నది మా డ్రైవరు. ఖాళీ బండి జాతీయ రహదారి మీద కూడా నిలకడగా లేదని, స్టీరింగు చేతిలో చిన్నగా పక్కకు గుంజుతోందని అన్నాడు. కొత్త పట్టీ కదా, సర్దుకుంటుందని నేనే సర్దిచెప్పాను. తరువాత ఒకసారి 26వ నంబరు జాతీయ రహదారి మీద సాలూరు దాటి ఘాటు ఎక్కి కోరాపుట్‌కు కొబ్బరికాయ వేసుకువెళ్లి, తిరుగు ప్రయాణంలో అల్లం బస్తాలతో దిగుతున్నప్పుడు, నేను పక్క సీట్లోనే ఉన్నాను. వంపు దగ్గర తారు గతుకులు గతుకులుగా లేచిపోయి ఉంది. డ్రైవరు బ్రేకు తొక్కగానే ముందు చక్రాలు టకటక ఎగురుతూ బండి తిప్పిన వైపుకు కాక తిన్నగా పోయింది. గట్టు పక్క కాలువలో ఎడమ చక్రం దిగి ఆగాం. ఎవరికీ ఏమీ కాలేదు. లోయ ఉన్నది అవతలి వైపున.

లారీలకు పేరున్న సాలూరు, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లినా, మా నోటికి ఇంకా విజయనగరం సాలూరే. బండిని అక్కడికి తీసుకువెళితే, కమాను పని చేసే ఒక పెద్దాయన దాని కిందికి దూరేముందు ఒకటే ప్రశ్న వేశాడు: "ముందు ఇరుసు మీద బరువెంతో ఎప్పుడైనా తూయించేరా?" ఎప్పుడూ తూయించలేదు. బండి మొత్తం బరువు తెలుసు, సరుకు బరువు తెలుసు, ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. వేబ్రిడ్జి పలక మీదికి ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనుక చక్రాలను మాత్రమే ఉంచి మరొకసారి తూకం వేయించడానికి కాటా వాళ్లు అభ్యంతరం చెప్పరు, రెండు చీటీల డబ్బు తీసుకుంటారు, అంతే.

మా బండి ఖాళీగా ఉన్నప్పుడు ముందు 980 కిలోలు, వెనుక 720 కిలోలు తూగింది. 1,200 కిలోల సరుకు వేశాక ముందు 1,130, వెనుక 1,770 అయ్యాయి. ఈ నాలుగు అంకెలను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మోసిన 1,200 కిలోల్లో ముందుకు వచ్చింది 150 కిలోలే. తొట్టి దాదాపు మొత్తం వెనుక ఇరుసు మీదే కూర్చుంటుంది కనుక అందులో వింత లేదు. మా బండికి రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 3 మీటర్లు, సరుకు బరువు కేంద్రం వెనుక ఇరుసుకు 37 సెంటీమీటర్ల ముందు పడిందనుకుంటే లెక్క సరిగ్గా అంతే వస్తుంది. వెనుక ఇరుసు మీది బరువు ఖాళీకీ లోడుకూ మధ్య రెండున్నర రెట్లు మారుతుంటే, ముందు ఇరుసు మీద మారేది 15 శాతం. వెనుక కట్టకు హెల్పర్ పట్టీలు పెట్టడంలో అర్థం ఇదే. ఖాళీ బండికి అవి పక్కన కూర్చుని ఉంటాయి, లోడు పడి కట్ట కుంగినప్పుడే పనిలోకి వస్తాయి. ముందు వేసిన పట్టీకి ఆ విశ్రాంతి లేదు. ఖాళీగా వెళ్లినా, నిండుగా వెళ్లినా ప్రతి గతుకు దగ్గరా తన గట్టిదనాన్ని అది చక్రం మీద రుద్దుతూనే ఉంటుంది.

ఆ గట్టిదనం ఎంత అన్నది రెండో లెక్క. కమాను పట్టీ గట్టిదనం దాని వెడల్పుతో సమంగా పెరుగుతుంది కానీ, మందంతో మాత్రం ఘనంగా పెరుగుతుంది, అంటే మందాన్ని మూడుసార్లు హెచ్చవేసినట్లు. మా కట్టలో 7 మిల్లీమీటర్ల పట్టీలు 5 ఉండేవి. ఏడును మూడుసార్లు హెచ్చవేస్తే 343, ఎనిమిదిని హెచ్చవేస్తే 512. కనుక అదనంగా చేరిన 8 మిల్లీమీటర్ల పట్టీ ఒక్కటే పాత పట్టీలు ఒకటిన్నరతో సమానం. అయిదింటికి ఆరవది చేరిందని కంటికి కనిపించినా, కట్ట గట్టిదనం సుమారు 30 శాతం పెరిగింది. ఒక మిల్లీమీటరు తేడాను ఎవరూ లెక్కచేయరు కాబట్టే ఇది వివరంగా రాస్తున్నాను. పట్టీ దొరికిందా, పొడవు సరిపోయిందా అన్నంత వరకే మన షాపుల్లో చూస్తారు, వెర్నియర్ పెట్టి మందం కొలిచిన షాపును నేను ఇంతవరకు చూడలేదు.

30 శాతం గట్టిపడితే ప్రయాణంలో ఏమవుతుంది? చాసిస్ కింద జాకీ పెట్టి చక్రం నేలను వదిలేవరకు లేపి, ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఎడం ఎంత పెరిగిందో కొలిస్తే, ఆ కమాను బండి బరువుకు ఎంత కుంగి ఉందో దాదాపుగా తెలుస్తుంది. కొత్త కట్టతో మా బండికి అది 8 సెంటీమీటర్లు. దాని కన్నా 30 శాతం గట్టి కట్ట అదే బరువుకు 6 సెంటీమీటర్ల చిల్లరే కుంగుతుంది. ఈ కుంగుడు బండి ఎత్తుకు సంబంధించిన విషయమని మాత్రమే అనుకుంటాం. కానీ గోతి వచ్చినప్పుడు చక్రాన్ని కిందికి నెట్టి రోడ్డుకు ఆనించి ఉంచేది ఈ కుంగుడులో దాగి ఉన్న బలమే. 8 సెంటీమీటర్లు కుంగి ఉన్న కమాను, చక్రం 6 సెంటీమీటర్లు దిగినా ఇంకా కొంత ఒత్తిడితో దాన్ని నేలకు నొక్కుతుంది. 6 సెంటీమీటర్లే కుంగి ఉన్నది అక్కడికే చేతులెత్తేస్తుంది. ఆ క్షణంలో చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. ఘాటు వంపులో మా బండి తిప్పిన వైపుకు వెళ్లకపోవడానికి ఇది ఒక కారణం.

ఇంకొక కారణం పట్టీది కాదు, బోల్టుది. ముందు కమాను చేసే పనుల్లో బరువు మోయడం ఒకటి మాత్రమే. ఈ తరహా బండిలో ఇరుసును ముందుకూ వెనుకకూ, పక్కలకూ జరగకుండా పట్టి ఉంచేది కూడా కమానే. కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తల, ఇరుసు మీది గుంటలో కూర్చుని చక్రాల స్థానాన్ని నిర్ణయిస్తుంది, దాన్ని కదలకుండా అదిమి ఉంచేవి యు బోల్టులు. పట్టీ చేరడంతో కట్ట మందం పెరిగింది, పాత సెంటర్ బోల్టు పొడవు చాలలేదు. షాపతను పెట్టిన పొడవైన బోల్టు తల ఆ గుంట కన్నా చిన్నది. యు బోల్టులు మాత్రం పాతవే ఉంచాడు. నట్టు దాటి బయటికి రావలసిన మరలు కూడా మిగలలేదు, నట్టు సగానికే పట్టింది. సాలూరు పెద్దాయన రెండు వైపులా ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్యకు టేపు పట్టి కొలిస్తే కుడివైపుకూ ఎడమవైపుకూ 9 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఇరుసు ఒకవైపు వెనుకకు జారింది. డ్రైవరు పద్నాలుగు నెలల క్రితమే చెప్పిన గుంజుడు అదే. అతని మాట విననందుకు రెండు ముందు టైర్లు పోయాయి.

ముక్కు ఎత్తు మారితే స్టీరింగు జ్యామితి కూడా మారుతుంది. స్టీరింగు పెట్టె నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింకు ఒక వాలులో ఉంటుంది. కమాను కుంగినప్పుడూ లేచినప్పుడూ ఆ లింకు తిరిగే చాపమూ, ఇరుసు కదిలే చాపమూ దాదాపు కలిసేటట్లు కంపెనీ వాళ్లు ఆ వాలును లెక్కకట్టి పెడతారు. ముక్కును మూడు నాలుగు సెంటీమీటర్లు లేపేస్తే ఆ రెండు చాపాలూ విడిపోయి, డ్రైవరు స్టీరింగు కదపకపోయినా ప్రతి గతుకుకూ చక్రం తనంతట తానే కొంత తిరుగుతుంది. ఇరుసు కొసన చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ను వెనుకకు వాలి ఉండే కోణం కూడా మారుతుంది, ముక్కు లేచిన కొద్దీ ఆ వాలు పెరిగి స్టీరింగు బరువెక్కుతుంది. దీన్ని సరిచేయడానికి కమానుకూ ఇరుసుకూ మధ్య పెట్టే ఏటవాలు ముక్కలు దొరుకుతాయి. మా దగ్గర పట్టీ ఎక్కించే షాపుల్లో వాటి పేరు ఎవరూ ఎత్తరు.

పట్టీ వంపు గురించి కూడా చెప్పాలి. కట్టలోని పట్టీలు విడివిడిగా ఉన్నప్పుడు అన్నీ ఒకే వంపులో ఉండవు. పైనున్న మెయిన్ పట్టీ కన్నా కింది పట్టీకి, దానికన్నా ఆ కిందిదానికి, వంపు కొంచెం ఎక్కువ ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు అవి ఒకదానినొకటి నొక్కుకుని మెయిన్ పట్టీ భారాన్ని పంచుకుంటాయి. వేరే బండి పట్టీని తెచ్చి ఇరికిస్తే ఈ పంపకం తప్పుతుంది. దాని కొస ఎక్కడ ఆనుతుందో అక్కడ పై పట్టీ ఒకే చోట వంగి, కొన్నాళ్లకు అక్కడే విరుగుతుంది. మా బండిలో కుడివైపు కట్టలో కింది నుంచి రెండో పట్టీకి సరిగ్గా ఆ కొస ఆనిన గీత మీద నెర్రె కనిపించింది.

కొందరు పట్టీ వేయించరు, పాత పట్టీలనే గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంపు కొట్టిస్తారు. ఇది మరీ ఘోరం. మా ఊరి కొలిమిలో పాత కమాను పట్టీతో కత్తులు చేసే కమ్మరిని అడిగితే చాలు, కారణం చెబుతాడు. అదే ఇనుము కాల్చి ముంచిన తీరును బట్టి కత్తి అవుతుంది, ఊరికే చల్లార్చితే వంగిపోయే రేకు అవుతుంది. కమాను ఉక్కును ఫ్యాక్టరీలో సుమారు 850 డిగ్రీల వరకు కాచి నూనెలో ముంచి, మళ్లీ 400 నుంచి 500 డిగ్రీల మధ్య కాచి వంగి మళ్లీ లేచే గుణం తెప్పిస్తారు. రోడ్డు పక్కన మంటతో కాల్చి గాలికి వదిలేస్తే ఆ పదును మొత్తం పోయినట్లే. కాల్చకుండా చల్లగానే సుత్తితో కొడితే అంత నష్టం లేదు కానీ, ఆ వంపు కొద్ది నెలలకు మించి నిలవదు.

పట్టీ వాదుల వైపున కూడా బలమైన మాట ఒకటి ఉంది. ముందు ఇరుసు మీద సరుకు బరువు 150 కిలోలే పడుతుందని నేను అంటుంటే, బ్రేకు తొక్కినప్పటి సంగతి ఏమిటని మా బావ అడిగాడు. నిజమే. 2,900 కిలోల బండి బరువు కేంద్రం నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు సుమారు 430 కిలోలు వెనుక నుంచి ముందుకు దొర్లుతాయి. సరుకు వల్ల వచ్చే దానికి ఇది దాదాపు మూడు రెట్లు, దిగుడులో ఇంకా ఎక్కువ. మరీ మెత్తని కమానైతే బ్రేకు దెబ్బకు ఎస్ అక్షరంలా మెలికపడి ఇరుసు తిరగబోతుంది కూడా. కాబట్టి ముందు కమాను మెత్తగా ఉంటే చాలునని నేను అనడం లేదు. కానీ బ్రేకు వేసిన ఆ రెండు మూడు సెకన్ల కుంగుడును అదుపు చేయడానికి షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. మా బండికి ఆ రెండూ ఎప్పుడో ఎండిపోయాయి, ఒకదాని నుంచి కారిన నూనెకు మట్టి అంటి గట్టకట్టింది. నేను అటు చూడకుండా కమానును తప్పుపట్టాను.

ముందు కమాన్లను గట్టివాటితో మార్చుకోవడం అన్ని చోట్లా తప్పు కాదు. అమెరికాలో ఫోర్డు సూపర్ డ్యూటీ పికప్పుల్లో ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి 1999 మోడలు నుంచి 2004 మోడలు వరకు ముందు కమాను కట్టలే ఉండేవి, 2005లో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. అక్కడ మంచు తోసే ఇనుప పారను బండి ముక్కుకు తగిలించుకునేవాళ్లు ముందు గట్టి కమాన్లు వేయించుకోవడం సబబే, ఎందుకంటే ఆ బరువు చలికాలమంతా ముందు ఇరుసుకు అవతల వేలాడుతూ ఉంటుంది. మనకు అలాంటి అవసరం ఏమిటి? మా బండి ముక్కుకు వేలాడినది ఒక ఇనుప గార్డు. అలాంటి గార్డులు పెట్టరాదని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. దాన్ని విప్పించి తూయిస్తే 46 కిలోలు. ఇరుసుకు ముందు వేలాడే బరువు తన తూకానికి మించి ముందు ఇరుసును నొక్కుతుంది కనుక, అది ఊడదీయగానే ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఎడం ఎంతో కొంత పెరిగింది. పట్టీ కొనేముందు ఎవరైనా చేయవలసిన మొదటి పని ఇది. డబ్బులు కూడా అక్కరలేదు.

పట్టీ వేయించాక ఇంకో టన్ను వేయవచ్చనే నమ్మకం మా వైపు గట్టిగానే ఉంది. ఆర్సీ పుస్తకం మీద అచ్చయిన మొత్తం బరువు పట్టీతో మారదు. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద అధిక లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. ఎన్ని పట్టీలు ఉన్నాయో రోడ్డు మీద ఎవరూ లెక్కపెట్టరు, కాటా చీటీ చూస్తారు.

చివరికి నేను చేయించినది అప్‌గ్రేడ్ అంటే కొందరు నవ్వుతారు. కంపెనీ కొలతల కమాన్లే కొత్తవి, రెండు వైపులకూ జతగా, వేయించాను. ఒకవైపు మాత్రమే మార్చితే బండి ఆ వైపుకు ఎత్తుగా నిలుస్తుంది. కమాన్ల జత 9,800, పిన్నులు, బుష్షులు, కమాను కొసను చాసిస్‌కు కలిపే షాకిళ్లు 1,900, కొత్త యు బోల్టులు 1,200, షాక్ అబ్జార్బర్లు 3,400, కూలీ, అలైన్‌మెంటు కలిపి 2,700, మొత్తం 19,000 రూపాయలు. మధ్య నుంచి కొసల వైపు పట్టీ మందం తగ్గుతూ పోయే పారాబోలిక్ కమాన్ల గురించి కూడా ఆలోచించాను. వాటి పట్టీలు మధ్యలోనూ కొసల్లోనూ తప్ప ఒకదానికొకటి తగలవు కనుక మా ఉప్పు గాలికి అవే మంచివి. అయితే పట్టీల రాపిడి ఇచ్చే అదుపు వాటిలో తక్కువ, భారమంతా షాక్ అబ్జార్బర్ల మీదే పడుతుంది. మా బండికి సరిపడే జత దొరకలేదు కూడా, ఏదో ఒకటి సరిపెట్టుకునే ఆలోచన నాకు అప్పటికే విరక్తి పుట్టించింది.

బిగింపు విషయంలో పెద్దాయన చేసిన ఒక పని నాకు కొత్త. షాకిల్ పిన్నులను, కమాను కొసన గుండ్రంగా చుట్టిన కంటిలోని బోల్టులను జాకీ మీద ఉండగా వేళ్లతోనే తిప్పి వదిలేశాడు. బండిని నేల మీదికి దించి, ముందూ వెనుకా రెండుసార్లు నడిపి, కమాను తన ఎత్తులో కూర్చున్నాకే పూర్తిగా బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్షు ఆ స్థితిలోనే పట్టేసుకుని, బండి దిగగానే మెలిపడి, నెలల్లో చిరిగిపోతుందట. యు బోల్టులను కూడా బండి బరువు మీద పడ్డాకే ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించి, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తెమ్మన్నాడు. తీసుకువెళ్లాను. నాలుగింటికీ పావు చుట్టు చొప్పున పట్టింది.

అప్పటి నుంచి ప్రతి మూడు నెలలకు ఒకసారి, బండి ఖాళీగా చదునైన చోట ఉన్నప్పుడు, ఇరుసుకూ స్టాపరు రబ్బరుకూ మధ్య ఎడం రెండు వైపులా కొలిచి డ్రైవరు నోటు పుస్తకంలో రాయిస్తున్నాను. కిందటిసారి కుడివైపు ఎడం ఎడమవైపు కన్నా 3 మిల్లీమీటర్లు తగ్గింది. డ్రైవరు కూర్చునే వైపు కనుక కొంత సహజం. అది 10 మిల్లీమీటర్లకు చేరితే ముందు బుష్షులు విప్పి చూస్తాం.